వెండిరేకులకు ఆయుధపూజ

"మామా, ఈ పెట్టె సీలు ఎవరు తీసినారు?"

సింధూరి గుమ్మంలోనే ఆగి అడిగింది. మాధవరంలోని వాళ్ళ చిన్న ల్యాబు నిండా నిన్నటి ఆయుధపూజ కంపు. గుమ్మంలో చితికిన గుమ్మడికాయ మీద ఈగలు. మైక్రోస్కోపుకు ఎండిన చందనం. బల్లమీద అరటిపండు జిగురులో, చీమల మధ్య, బొట్లు పెట్టించుకుని తన రెండు వెండిరేకులు.

ఆ రేకులు నెలల తరబడి భూమి చుట్టూ తిరిగి నిన్ననే చేరాయి. ఆ ఎత్తులో ఉండే ఆక్సిజన్ వెండిని కొరికి నల్లగా మాడ్చేస్తుంది. ఒకటి ఉత్త వెండి. మూలన గాటున్న రెండోదానికి సింధూరి తయారుచేసిన పూత. ఉత్తది నల్లబడి, పూత ఉన్నది మెరుస్తూ వస్తే ఆమె గెలిచినట్టే. ఉపగ్రహాల కంపెనీవాళ్ళు మధ్యాహ్నం చూడటానికి వస్తున్నారు.

ఇప్పుడు రెండూ తళతళా మెరుస్తున్నాయి.

"నేనే తీసినా. పండగనాడు పనిసామాను పూజ లేకుండా పెట్టెలో పడుండొచ్చునా పాపా?" అన్నాడు బాలసుందరం, బొరుగులు నములుతూ. ఆయన ఆమెకు మేనమామ. ల్యాబు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. వేళాకోళం లేకుండా మాట్లాడటం ఆయనకు చేతకాదు. "పైన తోమేదానికి పనిమనిషి లేదు గదా, మసి పట్టిపోయింది. విభూతేసి రుద్దినా."

రెండింటినీ రుద్దావా అని అడిగింది.

"మీ అత్త వెండిచెంబు గూడా ఇట్లా మెరవదు పో," అని నవ్వాడు.

సింధూరి రెండు రేకులనూ వంగి చూసింది. ఆ మసి కోసమే కదా అంత దూరం పంపింది. కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి, రావద్దని, నమూనాలు పాడైపోయాయని చెప్పింది. పూత పూసిన తన గాటు రేకు చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు జిగట. చందనంలో ఇరుక్కున్న చీమ ఒకటి ఇంకా కాళ్ళాడిస్తోంది. ఇక పోయేదేముందిలే అనుకుని, సింకు దగ్గరికెళ్ళి స్టీలు పీచుతో బరబరా తోమింది. గీతలు పడినా ఆపలేదు. మెరుపు మాసి, పూత లేచిపోయి కింది వెండి తేలేదాకా తోమింది.

వెనకనుంచి మామ తొంగిచూశాడు.

"దాన్నెందుకు రుద్దతావు పాపా? నేను రుద్దింది ఆ నల్లదాన్నే. ఇది పెట్టెలోనుంచే మెరస్తా వచ్చింది."