చెరువు పెద్దగా నిలబడేదెవరు?

పట్నమంత పెద్ద చెరువు ఒకటి. కొత్త నీరొచ్చే తూముకి గుర్రపుడెక్క అడ్డంపడి నీళ్ళు తగ్గిపోయాయి. గట్టువారనున్న పీత ఇల్లయితే ఇప్పటికే ఒట్టి బురద. ఇంతలో చెరువుకి కొత్త పెద్దని ఎన్నుకునే రోజులొచ్చాయి. ఎవరు నిలబడతారో తెలిస్తే ముందే మొరపెట్టుకుందామని పీత బయల్దేరింది.

"కొంగ బావా, నిలబడేది నువ్వేనటగా?"

"ఛ, నాకెందుకే ఆ గోల! నేను కాదు."

పీత ఉసూరుమంటూ తిరిగొస్తుంటే కప్పలన్నీ చంకలు గుద్దుకుంటున్నాయి. "విన్నారా, కొంగ కాదందట! ఇంకేం, ఖాయం!"

పీతకి బుర్ర తిరిగిపోయింది. "కాదనే కదర్రా చెప్పింది?"

"పిచ్చిదానా," అంది ముసలి తాబేలు. "ఈ చెరువులో నిలబడేవాళ్ళు ఆ మాట నోటితో ఎప్పుడన్నారు? కాదన్నవాళ్ళ మీదే కన్నేసి ఉంచాలి. బాతయితే మరీ గట్టిగా కాదంది. దానికే ఊపెక్కువ."

"మరి నువ్వో, తాతా?"

"రామ రామ! నేను కాదు," అంది తాబేలు, మెడ కాస్త బయటికి చాచి.

పొద్దు వాలేసరికి చెరువులో కాదననివాళ్ళు లేరు. ఎవరికి మొరపెట్టుకోవాలో పీతకి పాలుపోలేదు. గట్టెక్కి గొంతు చించుకుని అడిగింది. "సరే, మీలో ఆ తూము బాగుచేసేదెవరు?"

చెరువంతా ఒక్క గొంతుతో పలికింది. "నేను కాదు!"

ఈ చెరువు లెక్కన అందరూ వస్తారనుకోవాలా, ఎవరూ రారనుకోవాలా? ఎటూ తేలక పీత ఆ గట్టుమీద ఇంకా పక్కకే నడుస్తోంది.