పూసిన మంచం

"మా కొత్త మంచం పుట్టగొడుగులు పూసింది వదినా!" అంటూ పక్కింటి పేరిందేవి గిన్నెడు కూర తెచ్చింది.

ఇప్పుడు ఊళ్లో తలుపులూ, మంచాలూ, చెప్పులూ అన్నీ పుట్టగొడుగులు కోసేశాక మిగిలిన గడ్డితో చేసినవే. మా షెడ్డులో ఆ గడ్డిని అచ్చుల్లో నొక్కి, లోపలి బూజు చచ్చేదాకా ఆవిరి పట్టాలి. బూజు బతికితే మళ్లీ పుట్టగొడుగులు పూస్తూ మంచాన్ని లోపల్నుంచి తినేస్తుంది. పోయిన నెల ఒకరోజు పెళ్లి భోజనానికి ఆలస్యమవుతోందని నేను ఆవిరి సగంలోనే కట్టేశాను.

"దానిమీద ఎవరు పడుకుంటున్నారు?" అన్నాను.

"మా కోడలే. నెలలు నిండాయి కదా! ఇలా పూయడం శుభమేనంటావా?"

నిజం నోటిదాకా వచ్చింది.

"శుభమే. కానీ పూసిన మంచం మీద చూలాలు పడుకోకూడదు. దాన్ని బయట పెట్టేసి, పిల్లకి కింద చాప వెయ్యి" అన్నాను.

"నీకెన్ని తెలుసో వదినా! నువ్వు చెప్పబట్టి సరిపోయింది" అని పేరిందేవి కూరంతా నా కంచంలోకి వంచేసింది.

తిన్నాను. రుచిగానే ఉంది.

ఆ రోజు సగం ఆవిరితో బయటికెళ్లిన మంచాలు ఇరవై. మిగతా పంతొమ్మిదింటి మీద ఎవరు పడుకుంటున్నారో నాకు తెలియదు.