గోడ ముందు మనిషి

"కొంచెం పక్కకు జరుగుతారా?"

కెమెరాను కంటి దగ్గర నుంచి తీయకుండానే అడిగింది వినీల.

"ఆయ్, జరుగుతానండి" అని అబ్బులు రెండడుగులు వేశాడు.

అతని నీడ ఇంకా గోడ మీదే ఉంది. ఆమె మరో అడుగు వేయించింది.

రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టున, మూతపడిన కలప అడితి ఒకటి ఉంది. అబ్బులు దానికి కాపలాదారు. దాని ప్రహరీ గోడకు వినీల అభిమాని.

ఆ గోడ నెలకొక రూపు కడుతుంది. పాత బొమ్మ మీద సున్నం పడుతుంది. సున్నం ఆరిన చోట కొత్త బొమ్మ పుడుతుంది. పుట్టిన బొమ్మ కూడా ఒక్కలా ఉండదు. ఒక వారం ఎండకు వెలుస్తుంది, ఒక వారం వానకు కారుతుంది. అందుకే ఆమె ప్రతి ఆదివారం వచ్చేది.

బొమ్మలు వేసే చిత్రకారులు పనిదినాల్లో వచ్చి, పని ముగించుకుని వెళ్ళిపోతారు. కాలేజీలో పాఠాలు చెప్పే వినీలకు ఆదివారమే తీరిక. వాళ్ళను ఆమె ఒక్కసారీ చూడలేదు. వాళ్ళ బొమ్మను ఒక్కటీ వదల్లేదు.

రెండేళ్ళు. ఇరవై నాలుగు బొమ్మలు.

ఒక నెల లాంచీ నడిపే సరంగు. ఒక నెల మగ్గం ముందు ఉప్పాడ నేతగాడు. ఒక నెల వల భుజాన వేసుకున్న జాలరి. మరో నెల గెడ్డం పెంచిన ముని. ప్రతి బొమ్మలోనూ ఒక ముసలివాడు ఉంటాడు. ప్రతి ముసలివాడి ఎడమ కనుబొమ మధ్యలోనూ సన్నని గాటు ఉంటుంది.

ఆ గాటే చిత్రకారుల సంతకమని వినీల కనిపెట్టింది. ఫోటోల కింద ఆ మాటే రాసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఎంత నిశితమైన చూపు అని చాలామంది మెచ్చుకున్నారు.

ఆమెకు చిక్కల్లా అబ్బులుతోనే.

ఆదివారం పొద్దుటే తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, సరిగ్గా బొమ్మ పక్కనే వచ్చి నిలబడతాడు. ఆ తెల్ల చొక్కా మీద పడిన ఎండ గోడ రంగులను పాలిపోయేలా చేస్తుంది. కుర్చీ నీడకు వేసుకుని కూర్చోమని ఒకసారి చెప్పి చూసింది. కూర్చున్నాడు. మరుసటి వారం మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

ఈసారి మాత్రం, జరిగినవాడు ఊరుకోలేదు.

"ముసలాడి మొహం బాగా వచ్చిందంటారాండీ?"

"చాలా బాగా వచ్చింది" అంది వినీల, లెన్సు తిప్పుతూ.

"అయితే చాలండి."

అతను నవ్వాడేమో. ఆమె చూడలేదు.

ఆ తరువాత మూడు ఆదివారాలు పరీక్ష పేపర్లు దిద్దడంలో గడిచిపోయాయి. నాలుగో ఆదివారం వెళ్ళేసరికి గోడ తెల్లగా ఉంది.

అడ్డం ఎవరూ లేరు. బొమ్మా లేదు.

నీడలో కుర్చీ ఉంది. కుర్చీ పక్కన నలభై ఏళ్ళ స్త్రీ ఒకామె నిలబడి ఉంది.

"వినీల మేడం గారు మీరేనాండీ?"

ఆమె పేరు వెంకటదుర్గ. అబ్బులు కూతురు. కొవ్వూరు నుంచి వచ్చింది. తండ్రి నిద్రలోనే పోయి తొమ్మిది రోజులైందని, ఎల్లుండి పెద్దకార్యమని, పటం కట్టించడానికి ఇంట్లో సరైన ఫోటో ఒక్కటీ లేదని నెమ్మదిగా చెప్పింది.

"ఆధార్ కార్డులో ఉందండి. అందులో మా నాన్న ఎవర్నో కొట్టి పారిపోయినట్టుంటారు" అంటూ నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "మేడం గారు ప్రతి ఆదివారం నా ఫోటో తీస్తున్నారని ఊరంతా చెప్పుకునేవారండి. శనివారమే చొక్కా ఇస్త్రీకి ఇచ్చేవారు. మీ దగ్గర చాలా ఉంటాయని వచ్చాను."



తన దగ్గర ఉన్నవేమిటో వినీలకు తెలుసు. అంచున ఒక చొక్కా చెయ్యి, నేల మీద ఒక చెప్పు కొన. వాటినీ కత్తిరించేసింది.

"దుర్గ గారూ, మీ నాన్నగారు నా ఫోటోల్లో లేరండి. నేనే పక్కకు జరగమనేదాన్ని."

వెంకటదుర్గ నమ్మలేదు. ఏదో మూలనైనా ఉంటారని, ఒక్కసారి చూడనివ్వమని అడిగింది.

వినీల ట్యాబ్ ఆమె చేతికిచ్చి, ముఖం చూడలేక గోడ వైపు తిరిగింది. గోడ తెల్లగా, ఏమీ ఎరగనట్టుగా ఉంది.

"ఇదిగోండి, నాన్న."

వినీల చప్పున తిరిగింది. తెర మీద లాంచీ సరంగు ఉన్నాడు.

"అది బొమ్మండి" అంది మెల్లగా.

"అవునండి. ఈ బొమ్మల కోసమేగా నెలనెలా బొమ్మలేసేవాళ్ళ ముందు కదలకుండా కూర్చునేవారు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా లేచేవారు కాదు." వెంకటదుర్గ రెండు వేళ్ళతో ఆ ముఖాన్ని పెద్దది చేసింది. కనుబొమ దగ్గర ఆగింది. "నా చిన్నప్పుడు ఈ అడితిలోనే దుంగ జారి తగిలిందండి, ఈ దెబ్బ. ఆరు కుట్లు పడ్డాయి."

తెర జరిగింది. నేతగాడు. జాలరి. ముని. ప్రతి చోటా ఆమె వేలు ఒక్క క్షణం ఎడమ కనుబొమను తాకి, ముందుకు సాగింది.

"అన్నీ ఎంత బాగా తీశారండి. గెడ్డం ఉన్నది మాత్రం వద్దులెండి, అమ్మ గుర్తుపట్టదు. మిగతావాటిలో ఏది పటం కట్టించమంటారు?"

వినీల ట్యాబ్ అందుకుని, మళ్ళీ మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళింది.

రెండేళ్ళుగా తాను పక్కకు జరగమన్నది, తాను ఫోటో తీస్తున్న మనిషినే.