రెండో పిడి

"నా కంఠంలో ప్రాణముండగా ఈ నిఖా జరగదు" అంది హసీనాబీ. అంటూనే తన కంచంలోని ముద్ద తీసి, పెనుకొండ నుంచి వచ్చిన నౌషీన్ నోట్లో పెట్టింది.

జావీద్‌కు అంతుపట్టనిది అదే. తల్లి ఆ పిల్లతో ఒకే కంచంలో తింటుంది. కొడుకుతో పెళ్లి మాటెత్తితే అడ్డం తిరుగుతుంది.

"ఏమే, మనలో ఒక కడుపున పుట్టింటే తప్పు, ఒక తల్లి పాలు తాగింటే తప్పు. వీళ్లకు రెండూ లేవే!" అన్నాడు తండ్రి కాలేసాబ్. "పిల్లోడు షట్టర్లు బిగించుకుంటా నాలుగు దుడ్లు తెస్తాండాడు. ఇంకేం కావల్ల నీకు?"

హసీనాబీ కంచం తీసుకుని లోపలికి పోయింది.

కారణం జావీద్ ఊహించుకున్నాడు. హిందూపురంలో వాళ్ల గోడకు ఆనుకున్న ఇంట్లోనే నౌషీన్ పుట్టింది. తండ్రి ధర్మవరం పట్టుచీరల మూటలు బొంబాయికి తోలే లారీ డ్రైవరు. బిడ్డ పుట్టకముందే పోయాడు. బిడ్డ నడక నేర్చాక తల్లి బీబీజాన్ పోయింది. ఇద్దరికీ ఎయిడ్స్ అని ఊరికి తర్వాత తెలిసింది. నౌషీన్, జావీద్ చెల్లెలు రేష్మ ఒకే వారంలో పుట్టారు. బాలింతలిద్దరూ ఒకే పరదా వెనక పడుకున్నారు. బీబీజాన్ పోయాక అవ్వ వచ్చి మనవరాలిని పెనుకొండకు తీసుకుపోయింది.

నౌషీన్‌కు జబ్బు లేదని పరీక్షల్లో తేలింది. ఊరు నమ్మలేదు. ముద్ద పెట్టడం వేరు, కోడలిగా తెచ్చుకోవడం వేరు, అమ్మ కూడా నమ్మలేదు అనుకున్నాడు జావీద్. అందుకే, ఆ పిల్లకు జబ్బెందుకు రాలేదో తేల్చి చెప్పమని డాక్టర్ హరితను బతిమాలుకున్నాడు. ఎయిడ్స్ మీద బెంగళూరులో పరిశోధన చేసే ఆమె, 2008లో పెనుకొండలో పెట్టిన వైద్య శిబిరానికి వస్తూ పోతూ ఉండేది.

"తల్లి పాలిచ్చిందా?" అని అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని అడిగింది హరిత.

"ఇయ్యకేమమ్మా! నేను పోయి ఎప్పుడు చూసినా బిడ్డ దాని పైట కిందనే ఉండె" అంది అవ్వ.

"మా అమ్మ మొగం నాకు గుర్తు లేదు మేడం" అంది నౌషీన్. "ఆమె పాలు తాగినానన్నదొక్కటే నాకు మిగిలింది."

జావీద్ వెంట వచ్చిన హసీనాబీ లేచి వీధిలోకి పోయింది. రక్తం తీస్తుంటే చూడలేకపోయిందనుకున్నాడు జావీద్.

"కాన్పులో తప్పించుకునే పిల్లలు చాలామందే ఉంటారు. అన్ని నెలలు పాలు తాగి కూడా తప్పించుకుందంటే చూడాల్సిందే" అంది హరిత. జావీద్ వైపు తిరిగింది. "షట్టర్‌ను ఒక పిడి పట్టుకుని ఎత్తగలవా?"

"యాడ మేడం! ఒక పక్కకే ఎక్కి ఇరుక్కుంటాది. రెండూ పట్టుకోవల్ల."

"వైరస్‌కూ అంతే. రక్తంలో మనల్ని కాచే కణాలుంటాయి. అది దూరేది వాటిలోకే. కణం మీద రెండు పిడులు దొరకాలి. కొత్తగా ఒంట్లోకి వచ్చిన వైరస్ ఎక్కువగా పట్టుకునే రెండో పిడి పేరు సీసీఆర్‌ఫైవ్. లోకంలో కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. మన దేశంలో బహు అరుదు. వాళ్ల దగ్గర వైరస్ ఒక్క పిడి పట్టుకుని వేలాడుతుంది. తలుపు లేవదు."

నౌషీన్ తన చేతిని చూసుకుంది. "ఇంత రక్తంలో అట్లాంటి వాకిళ్లు ఎన్నుంటాయి మేడం?"

"లక్షలు."

"అన్నీ నా కోసం మూసుకొని కూచున్నాయా?"

మర్నాడు హిందూపురంలో తన దుకాణం షట్టర్ ఎత్తబోయి, జావీద్ రెండు పిడుల మీదా చేతులుంచి అట్లాగే నిలబడ్డాడు.

"ఏమబ్బా, దుకాణం తీస్తావా, నమాజు చేస్తావా?" అన్నాడు పక్క అంగడి హనుమంతప్ప.

ఫలితం వచ్చిన రోజు మళ్లీ అందరూ పెనుకొండలో కూర్చున్నారు.

"రెండో పిడి ఉంది" అంది హరిత. "అందరికీ ఉన్నట్టే ఉంది. జబ్బు మాత్రం లేదు."

"మరి దాన్ని లోపలికి రాకుండా ఎవరు ఆపినారు మేడం?" అన్నాడు జావీద్.

హరిత కాగితం మడిచి నౌషీన్ వైపు తిరిగింది. "చదువంతా దీని మీదే చదివాను. నాకు తెలియదు. మేమింకా చూడని కాపలా ఏదో ఉంది" అని చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో జావీద్‌కు తెలియలేదు. హసీనాబీ తల వంచుకుంది.

హిందూపురంలో రైలు దిగగానే ఆమె ఇంటి వైపు నడిచింది. జావీద్ దారికి అడ్డం నిలబడ్డాడు.

"అంత పెద్ద డాక్టరమ్మే చెప్పింది గదా! ఇంకా ఆ జబ్బుకు భయమేనా నీకు?"

"నేనెప్పుడు భయపడినాన్రా?"

"మరి నిఖా ఎందుకొద్దంటావు?"

హసీనాబీ చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"బీబీజాన్‌కు తన జబ్బు పురిటికి ముందే తెలుసు. నా చేత ఒట్టేయించుకుంది. ఆ పిల్ల చెవిన ఎప్పటికీ పడకూడదు, తెలిసిందా?"

"ఏంది పడకూడదు?"

"రేష్మతో పాటు దానికీ పాలిచ్చింది నేనే."