కొరత పాఠం

ఫోన్‌లో మెసేజ్ చూడగానే నేత్ర సంగటి కెలికే కట్టెను గిన్నెలోనే వదిలేసింది.

"కొత్త హైస్కూల్ టీచర్లకు ఎకనామిక్స్ బోధనలో మూడు రోజుల శిక్షణ (తరబేతి). సోమవారం నుంచి, చిక్కబళ్ళాపురంలో. హాజరు తప్పనిసరి."

తప్పనిసరి అన్న మాట ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలీదు. మళ్ళీ చదువుకుంది. మళ్ళీ మళ్ళీ చదువుకుంది. సంగటి అడుగంటింది.

"ఏమ్మా, లాటరీ తగిలిందా?" అన్నాడు వాళ్ళ నాయన పిళ్ళప్ప, మాడు వాసనకు లోపలికొచ్చి.

"తరబేతి నాయనా! ఎకనామిక్స్ ఎట్ల చెప్పాలో నేర్పిస్తారు."

"దానికింత సంతోషమా? నేను డ్రిప్పు సేద్యం తరబేతికి పోయి, కుర్చీలోనే నిద్రపోయి వచ్చినా."

"ఎకనామిక్స్ అంటే నాకు ప్రాణం," అనేసి నేత్ర నాలుక కరుచుకుంది. చదివింది చరిత్ర. డిగ్రీలో ఎకనామిక్స్ పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఆ క్లాసులో ఆమె నేర్చుకున్న విద్య ఒక్కటే, కళ్ళు తెరిచి నిద్రపోవడం.

కానీ హైస్కూల్లో సాంఘికం టీచరంటే అన్నీ చెప్పాలి. పెళ్ళి సెలవు ముగించుకుని స్కూలుకు పోయిన మొదటి రోజే ఒక పిల్ల లేచి, "జీడీపీ అంటే ఏమి మిస్?" అని అడిగింది. "మంచి ప్రశ్న. రేపు నువ్వే కనుక్కొచ్చి చెప్పు," అని తప్పించుకుంది నేత్ర. స్కూలు చింతామణి దగ్గరే, పుట్టింటికి రెండు ఊళ్ళ అవతల. ఈ నెలంతా ఇక్కడి నుంచే పోయి వస్తోంది.

తరబేతిలో ప్రతి టీచరూ ఒక పాఠం చెప్పి చూపించాలి. నేత్ర 'కొరత' ఎంచుకుంది. ఆ సాయంత్రమే నాయననూ, లక్ష్మీదేవమ్మ అవ్వనూ వసారాలో కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

"రోజూ దొరికేదాని విలువ మనకు తెలీదు. అదే ఒక నెల కంటికి కనబడకుండా పోయిందనుకోండి..." నేత్ర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అప్పుడు తెలుస్తుంది. ఉదాహరణకు టమాటా."

"మొన్న మార్కెట్ బయట రోడ్డు మీద పారబోసి వచ్చినా గదమ్మా," అన్నాడు పిళ్ళప్ప. "కొరత యాడుండాది? అయినా టమాటా కోసం కండ్లనీళ్ళు పెట్టుకుంటావేమే?"

అవ్వ వక్కాకు నములుతూ మనవరాలి ముఖం చూస్తూ ఉంది.

శనివారం తోటి టీచరు రంజిత బాగేపల్లి నుంచి ఫోన్ చేసింది. ఆమె గొంతులో పండగ. "వానలని తరబేతి ఆన్‌లైన్ చేస్తారంట మేడమ్! కెమెరా ఆపేసి హాయిగా పడుకోవచ్చు."

నేత్ర ఫోన్ పెట్టేసి, తిన్నగా జిల్లా ఆఫీసుకే కాల్ చేసింది.

"సార్, దయచేసి ఆన్‌లైన్ చెయ్యొద్దు. చెప్పే మనిషి ఎదురుగా ఉండాలి సార్. స్క్రీన్‌లో చూస్తే చూసినట్టే ఉండదు. నాకైతే అసలు సరిపోదు!"

అవతలి ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీలాంటి టీచర్లు తాలూకాకు ఒకరున్నా చాలమ్మా. చిక్కబళ్ళాపురంలోనే జరుపుతాం. మీ మాట మీటింగులో అందరికీ చెప్తాను."

నేత్రకు సిగ్గేసింది. మరీ ఎక్కువ కాదు, కొంచెం.

ఆదివారం ఆమె చిలకపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేస్తుంటే పిళ్ళప్ప ఆగి చూశాడు.

"తరబేతికి పట్టుచీరా?"

"పట్టు మన జిల్లా పరిశ్రమ నాయనా. పాఠంలో ఉదాహరణకు పనికొస్తుంది."

"అయితే మూర కనకాంబరాలు?"

"అవి... వాణిజ్య పంట."

పిళ్ళప్ప తల గోక్కుంటూ తోటకు పోయాడు. నేత్ర అద్దంలో తన వంక తాను చూసుకుని, ఇంత బుద్ధిమంతురాలైన టీచరమ్మను ఎక్కడా చూడలేదనుకుని నవ్వేసింది. తర్వాత వంటింట్లోకి పోయి అవ్వ పక్కన చేరింది.

"అవ్వా, కరకరలాడే నిప్పట్లు చేసిస్తావా? పాఠం చెప్పే సారుకు ఇయ్యాల."

"చేస్తా. పిండి కలిపే ముందే చెప్పు, కారం ఎంత వెయ్యాల?"

"కారం తక్కువ. నువ్వులు మాత్రం దండిగా పడాల," అంది నేత్ర, తడుముకోకుండా.

పిండి తీస్తున్న అవ్వ చెయ్యి ఆగింది. ఆమె మనవరాలి వైపు ఒకసారి చూసి, పిండి కలిపింది. నిప్పట్లన్నీ కాల్చి, చల్లార్చి, డబ్బాలో సర్ది మూత బిగించింది. చేతులు కడుక్కుని గదిలోకి పోయి, తన ఉతికిన చీర ఒకటి మడతపెట్టి, నేత్ర సంచిలో పట్టుచీర మీద పెట్టింది.

"నీ చీర యాడికవ్వా?" అంది నేత్ర.

"రేపు ఏడింటి బస్సుకు నేనూ వస్తాండా, ఆషాఢం పొయ్యేదాకా కొత్త పెండ్లికూతుర్ని మొగుని మొగం చూడనియ్యనని మీ అత్తకు మాటిచ్చినా, కారం తక్కువ నువ్వులెక్కువ తినే మా అల్లుడే ఆ తరబేతిలో సారై పాఠం చెప్తాంటే, మీ ఇద్దరి నడుమ కూసునేకి ఎవురో ఒకరు ఉండల్ల గదా!"