తాళం లేని మిషన్

దొంగ ఎవరో తేలిపోయింది. సొంత బావే.

ఆ దొంగను పట్టుకున్నవాడిది ఒక గేముల కంపెనీలో ఉద్యోగం. ఆన్‌లైన్ కారు పందెంలో దొంగాట ఆడేవాళ్లను పట్టుకోవడం అతని పని. ఎవరైనా దొరికితే ఆ పూటంతా హుషారుగా ఉండేవాడు. ఈ పూట మాత్రం, పొద్దున తను ఖాతా మూసేసిన ఆటగాడు బావేనని అక్క ఫోన్లో చెప్పగానే, పక్క సీట్లవాళ్లు వింటున్నారేమోనని గొంతు తగ్గించేశాడు.

“పొద్దుట్నించీ ముద్ద ముట్టలేదురా ఆయన. బామ్మర్ది కంపెనీవాళ్లే దొంగన్నారని అదే బాధ. ఏదో పొరపాటు జరిగిందని ఒక్క మాట చెప్పు,” అంది అక్క.

పొరపాటేమీ కాదని అతనికి తెలుసు. బావ ఆడేది లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే చేతి మిషన్ మీద, అంటే చేతుల్లో పట్టుకుని ఆడుకునే చిన్న గేమ్ మిషన్ మీద. అది తాళం లేని ఇల్లు. కొన్నవాడు లోపల ఏ ప్రోగ్రాం కావాలంటే అది పెట్టుకోవచ్చు. అలాంటి మిషన్ల మీద తమ ఆట ఆడనివ్వొద్దని ఆఫీసులో అందరూ మొత్తుకున్నారు. తాళం లేనంత మాత్రాన ఇంట్లోవాళ్లు దొంగలవుతారా అని వాదించి, పూచీ నాదని నెత్తిన వేసుకుని ఒప్పించింది ఇతనే. తీరా మొట్టమొదటి దొంగ తన ఇంట్లోనే దొరికాడు. తల కొట్టేసినంత పనయింది.

వెళ్లి మేనేజరుకి చుట్టరికం దాచకుండా చెప్పేశాడు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టకుండా బావ ఆడిన ఆటల వివరాలు తెర మీద పెట్టాడు. కుడి బొటనవేలు కారు వేగం చూసుకుంటుంది, ఎడమ బొటనవేలు కారును తిప్పుతుంది. ఏ మనిషికైనా ఒక వేలు తడబడితే రెండోదీ ఎంతోకొంత తడబడుతుంది. బావ ఆటలో కుడి వేలు ఎంత కంగారుపడ్డా, ఎడమ వేలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తన పని తాను చేసుకుపోతోంది.

“కుడి చెయ్యి మీ బావది, ఎడమ చెయ్యి ప్రోగ్రాముది,” అన్నాడు మేనేజరు. “అదేం ప్రోగ్రామో ఆయన చెబితే దాన్నొక్కదాన్నీ ఆపుదాం. చెప్పకపోతే సాయంత్రానికల్లా లైనక్స్ మిషన్లన్నిటి మీదా మన ఆట ఆపేయమంటున్నారు పైవాళ్లు. నువ్వే వెళ్లి కనుక్కురా.”

బస్సులో కూర్చున్నాడే గాని మనసు మనసులో లేదు. బావకి నలతగా ఉందని అక్క ఎప్పుడో చెప్పింది. ఆదివారం వస్తానన్నాడు. ఆ ఆదివారం ఇంతవరకూ రాలేదు. ఇప్పుడు వెళ్తున్నదేమో పరామర్శకు కాదు, పంచాయితీకి. ఒక పండైనా కొనలేదని అక్క గుమ్మం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది.

అక్క తలుపు తీసింది కాని, లోపలి గదికి అడ్డంగా నిలబడింది. ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందుగదిలో స్టూలు మీద చేతి మిషన్ ఛార్జింగుకి పెట్టి ఉంది. దాని తెర మీద, దొంగాట ఆడినందుకు మీ ఖాతా మూసేశామన్న మాట ఇంకా అలాగే ఉంది. ఆ వాక్యం అతను రాసిందే. చూడలేక మిషన్ని బోర్లించాడు.

బావ ఏడని అడిగాడు.

“రారురా. నీకు మొహం చూపించలేనంటున్నారు,” అంది అక్క.

అంటే ఒప్పుకున్నట్టేగా అనిపించింది. అక్క ఎదురుగా బావను నిలదీయాల్సి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఆ సిగ్గే కోపమై గొంతులోకి వచ్చింది.

“ఆ ప్రోగ్రాం ఏమిటో చెప్పెయ్ బావా,” అన్నాడు మూసిన తలుపుతో. “నా మాట నమ్మి కంపెనీవాళ్లు ఒప్పుకున్నారు. నీ ఒక్కడి మూలంగా ఆ మిషన్ కొనుక్కున్న ప్రతివాడూ దొంగవుతున్నాడు. రేపు ఆఫీసులో నేనేం మొహం పెట్టుకుని తిరగను?”

లోపల మంచం కిర్రుమంది. ఏదో అన్నాడు బావ. మాట ముద్దముద్దగా వచ్చింది, అర్థం కాలేదు.

అక్క కళ్లు తుడుచుకుంది. “ప్రోగ్రామూ లేదు, పాడూ లేదురా. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

“దాచి ఏం లాభం అక్కా? తెర మీద స్పష్టంగా కనబడుతోంది. ఆ ఎడమ చెయ్యి మనిషి చెయ్యి అయితే, ఎవరిదో చెప్పు.”

“నాదేరా,” అంది అక్క. “మీ బావకి ఆ పక్కంతా పడిపోయింది.”