తడికి చెరగని రంగు

“నెలకి ఎన్ని పేజీలు తీస్తారమ్మా?” అని అడిగాను. ఎవరికి ఏ ప్రింటర్ నప్పుతుందో నా కొట్లో తేల్చేది ఆ ఒక్క ప్రశ్నే.

“రోజుకి ముప్ఫై. అన్నీ రంగుల్లోనే,” అందామె. “చవగ్గా పడాలన్నయ్యా. తడి తగిలినా రంగు కారకూడదు.”

“అయితే కాట్రిడ్జ్‌ల జోలికి పోకండి, ఖర్చు నడ్డి విరుస్తుంది. ఈ ఇంక్ ట్యాంక్ తీసుకోండి. ఐదేళ్ళు బెంగ ఉండదు.”

“ఐదేళ్ళా?” ఆమె ముఖం పాలిపోయింది. “అన్నేళ్ళు తియ్యాల్సొస్తుందా?”

నాకేమీ అర్థం కాలేదు. నాణ్యత చూపిద్దామని ఆమె తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి ఒక పేజీ తీశాను. పసుపు చొక్కా, ముందు పళ్ళు ఊడిన నవ్వు. పైన ‘మా బాబు కనబడుటలేదు’ అని పెద్దక్షరాలు.

“కొట్లు మూశాక షట్టర్లకి అంటిస్తాను. మీ షట్టర్‌కి కూడా. మర్నాటికి ఒక్కటీ ఉండదు. మంచుకి నాని రాలిపోతున్నాయి కాబోలు.”

నా చేతులు కౌంటర్ కిందికి దించుకున్నాను. పొద్దున షట్టర్ ఎత్తబోతూ, ఎవడో దిక్కుమాలినవాడని తిట్టుకుంటూ, చూడకుండానే గీకి పారేసిన కాగితం తాలూకు పసుపు ఇంకా నా గోళ్ళలోనే ఉంది.